మిర్చి వాడుతోందా? మందు ఆపి పార పట్టండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. మూడెకరాల నల్లరేగడిలో ఆగస్టు చివర మిర్చి నాటాను. కొన్ని రోజులుగా మొక్కలు మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి తేరుకుంటున్నాయి. వాన పడితే ఆకులు పసుపు రంగుకు మారుతున్నాయి. ట్రాక్టర్ మలుపు తిరిగిన గట్ల వెంట మరీ ఎక్కువ. ఎండు తెగులని దుకాణంలో ఇచ్చిన మందు మూడుసార్లు మొదళ్లలో పోశాను. తగ్గలేదు. జిప్సం కూడా వేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు మందు ఆపండి. అసలు సంగతి మీ ప్రశ్నలోనే ఉంది. ట్రాక్టర్ తిరిగిన చోట ఎక్కువ అని మీరే రాశారు. తెగులుకు ట్రాక్టర్ మలుపులతో పనేమిటి?

వాడిన మొక్కను లాగకుండా, పారతో అడుగు లోతు మట్టిగడ్డతో సహా తీయండి. మొదలు దగ్గర కాండాన్ని నిలువునా చీల్చండి. లోపల గోధుమ రంగు చార కనిపిస్తే ఎండు తెగులే. అప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. కాండం లోపల తెల్లగానే ఉండి, తల్లివేరు ఐదారు అంగుళాల దగ్గర పక్కకు వంగి ఉంటే మాత్రం కింద గట్టి పొర కట్టినట్టు. నా అనుమానం రెండోదే. వేరు ఆ పొరను దాటలేదు. ఎండ కాస్తే పైతడి చాలదు, వాన పడితే నీరు దిగక వేరుకు గాలి అందదు. మూడు మందుల డబ్బు పెట్టేముందు ఒక్క మొక్క తవ్వి చూడమని చెప్పని దుకాణదారును ఏమనాలో మీరే ఆలోచించండి.

నాటే ముందు దుక్కి ఎప్పుడు చేశారో మీరు రాయలేదు. వాన వెలిశాక పైన ఆరగానే రోటవేటర్ వేయించి ఉంటారు. నల్లరేగడిలో అందరూ మోసపోయేది అక్కడే. పై రెండు అంగుళాలు ఆరితే పదును (దున్నడానికి సరిపడే తడి) వచ్చిందనుకుంటాం, కింద ఇంకా పచ్చే. ఎండిన మట్టి బరువును ఓర్చుకుంటుంది. పూర్తిగా నీరు నిండిన మట్టి మెత్తగా జారి అలుకుపోతుంది, అదీ చెరుపే. ఈ రెండింటి మధ్య తడిలో నీరు కందెనలా పనిచేసి రేణువులు ఒకదానిలోకి ఒకటి జరిగి బిగుసుకుంటాయి. చక్రం పడితే ఎక్కువగా నొక్కుకుపోయేది ఆ తడిలోనే. చక్రం మొదటిసారి తొక్కినప్పుడే నష్టంలో ఎక్కువ భాగం జరిగిపోతుంది. ఏటా అదే లోతులో రోటవేటర్ తిప్పితే దాని బ్లేడ్ల కింద నేల నున్నగా అరుగులా తయారవుతుంది.

ఇకపై ఎనిమిది అంగుళాల లోతు మట్టి తీసి అరచేతుల మధ్య పాముకోండి. 3 మిల్లీమీటర్ల సన్నని తాడులా సాగితే ఆ రోజు ట్రాక్టర్ పొలంలోకి రాకూడదు. సాగకుండా విరిగిపోతే దున్నవచ్చు. ట్రాక్టర్ అద్దెకు దొరికిన రోజే పదును వచ్చిన రోజు అనుకోవద్దు.

ఈ పంటకు చేయగలిగింది కొంతే. మురుగు కాలువలు తీసి నిలిచిన నీరు బయటకు పంపండి. లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. నేల పదునుకు వచ్చాక సాళ్ల మధ్య తేలికపాటి గుంటక తోలండి. నీరు తక్కువ తక్కువగా, కాస్త తరచుగా పెట్టండి. కోతల సమయంలో ట్రక్కును గట్టు మీదే ఆపండి, కాయలు అక్కడికే మోయించండి.

అసలు మరమ్మతు వేసవిలో. పంట తీశాక ఏప్రిల్, మే నెలల్లో నేల అడుగున్నర లోతు వరకు ఎండాక సబ్ సాయిలర్ (నేలను లోతుగా చీల్చే ట్రాక్టర్ పనిముట్టు) వేయించండి. పొర ఎక్కడుందో ముందే, నేల తడిగా ఉన్నప్పుడు సన్నని ఇనుప చువ్వ గుచ్చి చూసి, దానికి రెండు మూడు అంగుళాలు కిందికి పోయేలా పెట్టించండి. పచ్చి నేలలో వేస్తే కత్తితో వెన్న కోసినట్టే, పొర పగలదు, డబ్బు దండగ. మూడేళ్లకోసారి చాలు. నల్లరేగడి వేసవిలో పగిలి తనంతట తానే గుల్లబారుతుందని కొందరు వాదిస్తారు. కొంత నిజమే, కానీ వేసవిలోనూ తడి పెట్టే పొలం పగిలేదెప్పుడు? తొలకరికి ఎకరాకు 10 నుంచి 12 కిలోల జీలుగ (పచ్చిరొట్ట ఎరువు పైరు) విత్తనం చల్లి, పూత దశలో, సుమారు 45 రోజులకు కలియదున్నండి. అదీ పదునులోనే!

జిప్సం మాట మట్టి పరీక్ష తర్వాతే. కారు చౌడు (క్షార నేల) అని తేలితేనే దానితో పని. చక్రాలు తొక్కి బిగిసిన నేలను అది వదులు చేయదు. వేసవిలో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు వరకు మట్టి తీసి కలిపి, అందులోంచి అరకిలో రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. ఆ ఫలితం చేతికి వచ్చేదాకా జిప్సం కొనవద్దు.