విడి ఆకులా, వదులు ఆకులా? కషాయమా, కాషాయమా?

సందేహం: నమస్కారమండీ. మేం చెన్నైలో అంబత్తూరు దగ్గర ఉంటాం, మా అత్తగారిది చిత్తూరు వైపు. తులసి, నిమ్మగడ్డి, పుదీనా, శొంఠి, అతిమధురం, నేలవేము లాంటివి మందులు కొట్టకుండా పండించేవాళ్ల దగ్గర కొని, నీడలో ఆరబెట్టి, చిన్న కవర్లలో కట్టి చుట్టుపక్కల తెలుగువాళ్లకి అమ్ముతున్నాం. లేబుల్ ఇంగ్లీషులో ఉంది, తెలుగులో కూడా వేద్దామని ఫోన్లో పెట్టి మారిస్తే "వదులు సేంద్రీయ మూలికల టీ - ఇంటి నివారణల కోసం - వేడి నీటిలో 5 నిమిషాలు నిటారుగా ఉంచండి" అని వచ్చింది. అత్తగారు చదివి ఇదేం తెలుగు, అచ్చు వేయించొద్దు అన్నారు. వీటిని టీ అనాలా, తేనీరు అనాలా, కాషాయం అనాలా? మూలికలు అనొచ్చా? ఇక్కడి కొట్లలో తమిళం పేర్లు చెప్తారు కదా, అవి కూడా వేయాలా? కాస్త చెప్పగలరు.

సమాధానం: మీ అత్తగారు చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజమమ్మా, దాన్ని అచ్చు వేయించకండి. అందులో ఒక్కో మాటా విడిగా చూస్తే తెలుగే, అన్నీ కలిపితే మాత్రం ఏ తెలుగువాళ్లూ అనని మాట.

మొదట ఆ "వదులు" తీసేయండి. వదులు అంటే బిగువు లేనిది, చొక్కా వదులుగా ఉంది, ముడి వదులైంది, పట్టు వదిలాడు, ఇలా అంటాం. ప్యాకెట్‌గా కట్టనిది, సంచీలో కట్టనిది, తూకానికి ఇచ్చేది అంటే మన మాట "విడి". విడి పూలు, విడి బియ్యం, విడి టీపొడి అంటాం, కొట్లో అయితే లూజు అంటాం, "లూజు నూనె ఉందా" అని అడగనివాళ్లెవరు? లూజు కూడా తెలుగులో కలిసిపోయిన మాటే, అది వేసినా నాకు అభ్యంతరం లేదు. మీ సరుకు దారం కట్టిన చిన్న టీ సంచుల్లో కాకుండా ఆకు ఆకుగా ఉంటుందని చెప్పడమే మీ ఉద్దేశం కాబట్టి "విడి ఆకు" అంటే చాలు, ఎవరికైనా తెలుస్తుంది.

"నిటారుగా ఉంచండి" ఎలా వచ్చిందంటే ఇంగ్లీషులో స్టీప్ అన్న మాటకి నిటారైన వాలు అనీ, నీళ్లలో నానబెట్టడం అనీ రెండు అర్థాలున్నాయి, ఫోను మొదటిదాని వెంట పోయింది. దీనికి మనకి ఎంత చక్కటి మాట ఉందో చూడండి: దిగడం. పొద్దున్నే ఫిల్టర్లో వేణ్నీళ్లు పోసి "డికాషన్ దిగిందా" అని అడుగుతాం, చారులోకి చింతపండు పులుసు దిగిందంటాం, మెంతుల చేదు నీళ్లలోకి దిగిందంటాం. ఆకులో ఉన్న సారం నీళ్లలోకి వెళ్లడాన్ని చెప్పడానికి ఇంతకన్నా సూటి మాట నాకు తెలిసి లేదు. కాబట్టి "వేణ్నీళ్లు పోసి, మూత పెట్టి, 5 నిమిషాలు దిగనివ్వండి" అని రాయండి. మూత పెట్టమని తప్పకుండా రాయండి, ఎందుకో కింద చెప్తాను.

ఇక అసలు సంగతి, టీనా కషాయమా అన్నది. ముందు ఒక చిన్న దిద్దుబాటు, మీరు కాషాయం అని రాశారు, చాలామంది అలాగే రాస్తున్నారు, అది వేరే మాట. తాగేది కషాయం, క మీద దీర్ఘం లేదు. కాషాయం సన్యాసుల బట్ట రంగు. రెండిటికీ చుట్టరికం లేకపోలేదు, కషాయంలో ముంచి రంగు ఎక్కించిన బట్ట కాషాయం అని సంస్కృత వ్యాకరణంలో పిల్లలకి చెప్పే ఉదాహరణే ఒకటుంది, పాత రోజుల్లో చెక్కలూ బెరళ్లూ ఉడకబెట్టిన రంగునీళ్లలో బట్టలు అద్దేవాళ్లు కదా. అయినా ఇవాళ మీ లేబుల్ మీద కాషాయం అని వేస్తే తప్పే. మీ అత్తగారి వైపు "కసాయం" అని పలుకుతారు, అది పలుకుబడి, మాట్లాడేటప్పుడు అలాగే అననివ్వండి, రాసేటప్పుడు కషాయం అని రాయండి.

కషాయం అన్న మాటకి మొదటి అర్థం వగరు, ఆరు రుచుల్లో ఒకటి. ఆయుర్వేదంలో దీనికి ఇంకా పెద్ద అర్థం ఉంది, చరకసంహిత సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో అయిదు రకాల కషాయాలు చెప్పారు: స్వరసం, కల్కం, శృతం, శీతం, ఫాంటం. పేర్లు చూసి భయపడకండి, ఈ అయిదూ మన ఇళ్లలో ఉన్నవే, మనం పిలిచే పేర్లు వేరు అంతే. పచ్చి ఆకు దంచి పిండితే వచ్చేది స్వరసం, దాన్ని మనం పసరు అంటాం. తడిపి నూరిన ముద్ద కల్కం. నీళ్లలో వేసి కాచి దించేది శృతం, దాన్నే క్వాథం అని కూడా అంటారు, మనం కషాయం అనేది దీన్ని మాత్రమే. రాత్రి చన్నీళ్లలో నానేసి పొద్దున వడకట్టేది శీతం, దీనికే హిమం అని ఇంకో పేరు. కాగిన నీళ్లు పోసి కాసేపుంచి వడకట్టేది ఫాంటం. మీరు ఇంగ్లీషులో హెర్బల్ టీ అని రాసుకున్నది సరిగ్గా ఈ ఫాంటమే. ఈ చివరి రెండిటికీ కలిపి తెలుగు ఆడవాళ్లు ఎప్పుడో పేరు పెట్టుకున్నారు, "నీళ్లు". మెంతి నీళ్లు, జీలకర్ర నీళ్లు, వాము నీళ్లు, ధనియాల నీళ్లు, ఎండాకాలం కుండలో వేసే వట్టివేళ్ల నీళ్లు. పసిపిల్లకి కడుపు ఉబ్బితే వాము నీళ్లు పట్టమంటారు కానీ వాము టీ పట్టమని ఏ అమ్మమ్మా అనలేదు.

అందుకని నేను చెప్పేదేంటంటే, మన భాషలో ఇలాంటివాటికి పేరు పెట్టేది ఏ ఆకు వేశారన్నదాన్ని బట్టే కాదు, ఎలా చేశారన్నదాన్ని బట్టి. పసరు అంటే పిండాలని తెలుస్తుంది, కషాయం అంటే కాచాలని తెలుస్తుంది, నీళ్లు అంటే నానబెట్టి వడకడితే చాలని తెలుస్తుంది. పేరులోనే చేసే పద్ధతి ఉంది. టీ అన్న మాటకి ఆ పని చేతకాదు, ఎందుకంటే టీ అనగానే మనవాళ్లకి పాలూ చక్కెరా టీపొడీ గుర్తొస్తాయి, అల్లం టీ అంటే టీపొడి వేసి అల్లం దంచి వేసిన పాల టీయే కదా. మీరు తులసి టీ అని వేస్తే కొన్నవాళ్లలో సగంమంది అందులో టీపొడి కలిసుందనుకుంటారు, మిగతావాళ్లు పాలు పోసి మరిగిస్తారు.

కషాయం అని వేసినా ఇబ్బందే, శాస్త్రం ప్రకారం తప్పు కాదు కానీ ఇళ్లలో తేడా వస్తుంది. కషాయం అని చదవగానే మన ఇంట్లోవాళ్లు గిన్నెలో 2 గ్లాసుల నీళ్లు పోసి 1 గ్లాసు అయ్యేదాకా మరిగిస్తారు. శార్ఙ్గధరసంహిత అన్న పాత ఆయుర్వేద గ్రంథంలో అయితే ఇంకా గట్టి కొలత, ఒక వంతు మందుకి 16 వంతుల నీళ్లు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచమని ఉంది. శొంఠి, అతిమధురం, చెక్కలు, వేళ్లు ఇలా కాస్తేనే సారం దిగుతుంది, అవి గట్టివి కాబట్టి. తులసి, పుదీనా, నిమ్మగడ్డి అలా కావు, వాటి గుణమంతా వాసనలో ఉంది, ఆ వాసనంతా ఆవిరైపోయే నూనెల్లో ఉంది, మూత లేకుండా పావుగంట మరిగిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది కానీ గ్లాసులోకి వచ్చేది ఆకు రంగు నీళ్లే. మూత పెట్టమని రాయండి అన్నది అందుకే. అదే శార్ఙ్గధరుడు ఫాంటానికి 4 వంతుల నీళ్లే చెప్పాడు, హిమానికి 6 వంతులు, ఆ రెండింటికీ కాచి ఇగరబెట్టడం లేదు. ఇప్పుడు మీ లేబుల్ సంగతికొస్తే, ఒకే మాట అన్నిటికీ వేయకండి. ఆకులున్న కవరు మీద "తులసి నీళ్లకి విడి ఆకు" అనీ, శొంఠి, అతిమధురం ఉన్న కవరు మీద "శొంఠి కషాయం సరుకు" అనీ వేయండి. శొంఠి లేని కషాయం లేదని సామెతే ఉంది, అక్కడ కషాయం అన్న మాట నప్పుతుంది. టీ అన్న మాట లేకపోతే మీ అపార్ట్‌మెంట్ పిల్లలు కొనరు అనుకుంటే "తులసి టీ" అని పెద్దక్షరాల్లో వేసుకుని, కిందే "టీపొడి కలపలేదు, పాలు పోయొద్దు" అని వేయండి, అది నిజాయితీ.

తేనీరు గురించి రెండు మాటలు. అది తేనె నీరు కాదు, తే అనే చీనా మాటకి నీరు చేరింది. చీనాలో సముద్రపు ఒడ్డు ఫుజియన్ వైపు తే అన్నది డచ్చివాళ్ల ఓడలెక్కి యూరప్ వెళ్లి టీ అయింది, నేల మీద వచ్చిన చా మనకి చాయ్ అయింది. మనం తేయాకు అంటాం, తమిళులు తేయిలై, తేనీర్ అంటారు. కాబట్టి తేయాకు లేని దాన్ని తేనీరు అనడం అసలు కుదరదు. మాటల్లో కూడా తేనీరు అనేవాళ్లు తక్కువే, అది ఎక్కువగా పత్రికల మాట.

సేంద్రీయ కాదు, సేంద్రియ. స, ఇంద్రియ కలిస్తే సేంద్రియ, ఇంద్రియంలో రి పొట్టిదే కదా, జాతీయ, కేంద్రీయ అని రాసే అలవాటులో ఇక్కడా దీర్ఘం పెట్టేస్తున్నారు. ఈ మాట కూడా పాతదే, చరకసంహితలోనే సేంద్రియం అంటే చేతనం, ప్రాణమున్నది అని ఉంది. రసాయన ఎరువులూ పురుగుమందులూ వేయని పంట అన్న అర్థం ఈ కాలంలో ఇంగ్లీషు ఆర్గానిక్‌కి సాటిగా పెట్టుకున్నది. పెట్టుకున్నా తప్పులేదు కానీ మీరు నాకు ఉత్తరంలో ఏం రాశారో ఒకసారి చూసుకోండి, "మందులు కొట్టకుండా పండించేవాళ్ల దగ్గర" అన్నారు. అంతకన్నా తెలుగు ఎక్కడుంది? "మందులు కొట్టని ఆకు" అని వేయండి. ఇంకో సంగతి, ఆర్గానిక్ అన్నది ఇప్పుడు చట్టం పట్టించుకునే మాట, దానికి 2017 నాటి ఆహార నిబంధనలున్నాయి, కాబట్టి సేంద్రియ అనో ఆర్గానిక్ అనో వేసేముందు సర్టిఫికెట్ కాగితాలు మీ దగ్గరున్నాయో లేదో చూసుకోండి.

ఇంటి నివారణ అంటే ఇంటిని తొలగించడం అన్నట్టుంది. నివారణ అంటే రాకుండా ఆపడం, పోగొట్టడం, దోమల నివారణ, మలేరియా నివారణ అంటాం. దీనికి గృహవైద్యం, చిట్కా వైద్యం, వంటింటి వైద్యం, పెరటి వైద్యం అని ఎన్ని మాటలున్నాయో. ఈ ఊళ్లోనే డాక్టర్ కె.ఎన్.కేసరి కేసరికుటీరం అనే మందుల సంస్థ పెట్టి లోధ్ర అనే మందు అమ్మారు, 1928లో ఆడవాళ్ల కోసం గృహలక్ష్మి పత్రిక నడపడం మొదలుపెట్టారు, మద్రాసులో తెలుగు ఇళ్లకి మందుల సంగతి తెలుగులో చెప్పడం కొత్తేమీ కాదు, మీరు ఆ వరసలోనే ఉన్నారు. ఒక్క జాగ్రత్త, "నయమవుతుంది" అన్న మాట వాడొద్దు. జలుబుకి హాయిగా ఉంటుంది, గొంతుకి మంచిది, అంతవరకు సరే. షుగర్ తగ్గుతుంది, నయమవుతుంది అని వేస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అడ్డొస్తుంది. అతిమధురం కవరు మీద అయితే బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి వాడండి అని వేయండి, అది ఎక్కువైతే బీపీ పెంచుతుంది.

మూలిక అనొచ్చు. మూలం అంటే వేరు కాబట్టి మూలిక మొదట్లో వేరే, కానీ తెలుగులో చాలాకాలంగా ఆకూ పూవూ బెరడూ అన్నీ మూలికలే, దాన్ని ఇప్పుడు వెనక్కి లాగక్కర్లేదు. ఓషధి అంటే మొక్క, ఔషధం అంటే ఆ మొక్కతో చేసిన మందు, ఈ తేడా మాత్రం ఉంచుకోండి.

తమిళం పేర్లు తప్పకుండా వేయండి, తెలుగు లిపిలోనే. మైలాపూర్ కచేరీ రోడ్డులో డబ్బా చెట్టి కొట్టుకైనా, ఇంకే నాట్టు మరుందు (నాటుమందుల) కొట్టుకైనా వెళ్తే మన పిల్లలకి తెలిసేవి ఆ పేర్లే. శొంఠి పక్కన సుక్కు, వాము పక్కన ఓమం, కరక్కాయ పక్కన కడుక్కాయ్, అడ్డసరం పక్కన ఆడాతొడై, వామాకు పక్కన కర్పూరవల్లి. కొన్ని దగ్గర మోసం చేస్తాయి. నేలవేము, నిలవేంబు ఒకటే మొక్క, మాట కూడా ఒకటే, కానీ ఇక్కడ జ్వరాల సీజన్లో ఇచ్చే నిలవేంబు కుడినీర్ ఉట్టి నేలవేము కాదు, అందులో నేలవేముతో కలిపి 9 సరుకులుంటాయి. కుడినీర్ అంటే తాగే నీళ్లేననుకోకండి, తమిళుల సంప్రదాయ వైద్యమైన సిద్ధవైద్యంలో కషాయానికి పేరది, పసిపిల్లలు పాలు కుడవడం అంటామే, ఆ మాటే ఇందులోనూ ఉంది. మీ కవర్లో నేలవేము ఒక్కటే ఉంటే "నేలవేము ఆకు (నిలవేంబు)" అని మాత్రమే వేయండి, కుడినీర్ అన్న మాట చేర్చొద్దు. అలాగే తిప్పిలి అని తమిళంలో విని చాలామంది తెలుగువాళ్లు తిప్పతీగ అనుకుంటున్నారు, తిప్పిలి అంటే పిప్పళ్లు, తిప్పతీగని ఇక్కడ సీందిల్ అంటారు. ఒకటి కారం, ఒకటి చేదు, మీరు ఈ రెండూ అమ్మేటట్టయితే రెండు కవర్ల మీదా రెండు భాషల పేర్లూ పెద్దగా కనబడేలా వేయించండి.