ఏడాది డబ్బు ముందే కట్టాక డీటీహెచ్ ధర పెంచవచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ జిల్లా తుని. మా ఇంటి డీటీహెచ్ కనెక్షన్ బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి పేరు మీద ఉంది. నెలకు 380 రూపాయల ప్యాక్‌కు పదకొండు నెలల డబ్బు ఒకేసారి కడితే పన్నెండు నెలలు వస్తుందని చెప్పడంతో, 2024 జనవరి 15న వాడు తన ఫోన్ నుంచే 4,180 రూపాయలు కట్టాడు. ఆగస్టు 15 నుంచి కంపెనీ నెలకు 450 లెక్కన కోత మొదలుపెట్టింది. డిసెంబరు 9 తెల్లవారేసరికి టీవీ ఆగిపోయింది. మా అమ్మగారికి 84 ఏళ్లు, మంచం దిగలేరు. పొద్దున భక్తి ఛానల్, సాయంత్రం సీరియళ్లే ఆవిడకు లోకం. ఆవిడ బాధ చూడలేక ఆ రోజే 500 రీఛార్జ్ చేశాను. ఛానళ్లను ఇంటికి చేర్చినందుకు వేసే నెట్‌వర్క్ రుసుము నెలకు 130 దాటకూడదని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పలేదా? నెలనెలా కంపెనీకి మెయిల్ పెడుతూనే ఉన్నాను, జవాబు లేదు. మా అపార్ట్‌మెంట్‌లో నలభై కుటుంబాలు కలిసి సంతకాలు పెడతామంటున్నాయి. ఏడాదికి 1,500 ఇస్తే అన్ని ఛానళ్లూ వచ్చే పెట్టె బిగిస్తానని ఒక కుర్రాడు తిరుగుతున్నాడు. ఈ ధరల పెంపు చెల్లదని కోర్టు చేత చెప్పించే మార్గం ఉందా? పథకం వివరాలున్న సందేశం పాత ఫోన్‌లో ఉంది, ఆ ఫోన్ మార్చేశాం.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం మీ అమ్మగారి గురించి, ధరల భారం గురించి ఉంది. మీ కేసును తేల్చేది మాత్రం మీరు మాట వరసకు రాసిన ఒక్క వాక్యం: పదకొండు నెలల డబ్బుకు పన్నెండు నెలల ప్రసారం ఇస్తామన్నారు. మీ అబ్బాయి కట్టిన 4,180 రూపాయలు నిర్ణీత కాలానికి తీసుకున్న ఏడాది ప్యాక్ కిందికి వస్తాయా, లేక ఖాతాలో ఒకేసారి వేసుకున్న నిల్వ కిందికి వస్తాయా? మీరు గెలవడమైనా, ఉత్త చేతులతో తిరిగి రావడమైనా ఈ ప్రశ్నకు దొరికే జవాబును బట్టే ఉంటుంది.

అది కేవలం ఖాతా నిల్వ అయితే మీకు కేసు లేదు. ఛానల్ ధరను ప్రసార సంస్థ నిర్ణయిస్తుంది, నెట్‌వర్క్ రుసుమును డీటీహెచ్ సంస్థ నిర్ణయిస్తుంది, ధర మారిన రోజు నుంచి మీ నిల్వ కొత్త లెక్కన కరిగిపోతుంది. అది ఏడాది ప్యాక్ అయితే సంగతి పూర్తిగా వేరు. ట్రాయ్ 2017లో తెచ్చిన సేవా నాణ్యత, వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, చందాదారుడు నిర్ణీత కాలానికి ముందుగా డబ్బు కట్టి పథకంలో చేరితే, ఆ కాలం పూర్తయ్యేవరకు సంస్థ ధర పెంచకూడదు, మిగతా షరతులను కూడా అతనికి నష్టం కలిగేలా మార్చకూడదు. ఆరు నెలలు, అంతకు మించిన చందాలకు రాయితీ ఇచ్చుకునే స్వేచ్ఛను సంస్థలకు ఇచ్చింది కూడా ఆ నియంత్రణ వ్యవస్థే. రాయితీ చూపించి ఏడాది డబ్బు ముందే వసూలు చేసిన సంస్థ ఏడో నెల నిండగానే మాట మార్చడం సేవాలోపమే.

మీరు నమ్ముకున్న 130 రూపాయల వాదనను ఇక్కడితో వదిలేయండి. 2019 ఫిబ్రవరి నుంచి అమలైన విధానంలో వంద ఛానళ్లకు నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు మించకూడదన్న మాట నిజమే. 18 శాతం జీఎస్టీతో కలిపి అది 153 రూపాయల 40 పైసలు అయ్యేది. తర్వాత అదే 130కి రెండు వందల ఛానళ్లు ఇవ్వాలన్నారు. కానీ 2024 జులైలో చేసిన సవరణతో ట్రాయ్ ఆ గరిష్ఠ పరిమితినే ఎత్తివేసింది. మీ ప్యాక్ ధర పెరిగింది ఆ తర్వాతి నెలలోనే. పాత పత్రికా కత్తిరింపు పట్టుకుని వినియోగదారుల కమిషన్ ముందు నిలబడితే, అవతలి న్యాయవాది సవరణ ప్రతిని బల్ల మీద పెడతారు, ఆ దెబ్బకు మీ అసలు వాదన కూడా పలచబడుతుంది. 

ధరల పెంపు మొత్తంగా చెల్లదని చెప్పించమని అడిగారు. వినియోగదారుల కమిషన్ ధరలు నిర్ణయించదు. టారిఫ్ నిర్ణయం 1997 నాటి ట్రాయ్ చట్టం కింద ఆ సంస్థ చేతిలోని అధికారం. దేశంలో ధరలు తగ్గించమని అడిగే ఫిర్యాదు మొదటి వాయిదాలోనే వీగిపోతుంది. నాకు 366 రోజులు ఇస్తామని డబ్బు తీసుకుని 329 రోజులే ఇచ్చారు అనే ఫిర్యాదు నిలబడుతుంది. 4,180ని 366తో భాగిస్తే రోజుకు 11 రూపాయల 42 పైసలు. డిసెంబరు 9 నుంచి జనవరి 14 వరకు 37 రోజులకు మీకు నేరుగా కలిగిన నష్టం దాదాపు 423 రూపాయలు. ఈ లెక్కను ఫిర్యాదులో ఇలాగే, అంకెలతో, ఒక పట్టికగా చూపించండి. మొత్తం చిన్నదని సంకోచించకండి. దానిపై వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు అడిగే హక్కు మీకు ఉంది. మీ అమ్మగారి పరిస్థితి చెప్పవలసిన చోటు పరిహారం కోరే ఆ ఒక్క పేరా మాత్రమే. అక్కడ వయసు, అనారోగ్యం, టీవీ ఆగిన తేదీ రాసి, వైద్యుడి చీటీ ఒకటి జతచేస్తే చాలు.

ఇక సాక్ష్యం. పథకం వివరాలున్న సందేశం పాత ఫోన్‌లో ఉందనీ, ఆ ఫోన్ మార్చేశారనీ ఉత్తరం చివర రాశారు. నాలుగు వేల రూపాయలు కట్టిన ఒప్పందానికి ఒక్క కాగితం కూడా దాచుకోకపోవడం అజాగ్రత్త, అందులో సందేహం లేదు. జీవితమంతా పిల్లల హాజరుపట్టీలు, మార్కుల పుస్తకాలు భద్రపరచిన మీరు ఇంత తేలిగ్గా తీసుకుని ఉండవలసింది కాదు. అయినా ఇంకా దారి ఉంది. మీ అబ్బాయి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 4,180 రూపాయల పద్దు ఉంటుంది. పన్నెండు నెలలకు 380 చొప్పున 4,560 కావాలి, కట్టింది సరిగ్గా పదకొండు నెలల మొత్తం. ఖాతాలో ఊరికే నిల్వ వేసుకునేవారు అలాంటి అంకె ఎంచుకోరు, ఆ అంకె పథకం ఉందని చెబుతోంది. జనవరి నుంచి ఆగస్టు వరకు రోజుకు 11.42 చొప్పున కోత పడి, ఆ తర్వాత 15 అయి ఉంటే, మొదటి ఏడు నెలలు రాయితీ ధరను అమలు చేసింది కంపెనీయేనని దాని పుస్తకాలే రుజువు చేస్తాయి. కాబట్టి 2024 జనవరి 1 నుంచి 2025 జనవరి 31 వరకు మీ ఖాతా లెడ్జర్ (జమల, కోతల పద్దు) ఇవ్వమని, చందాదారు సంఖ్య వేసి, ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే దాన్ని తెప్పించమని కమిషన్‌ను కోరవచ్చు. పత్రాలు దాఖలు చేయించే విషయంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఇచ్చింది. యాప్ స్క్రీన్‌షాట్లు, ఈ-మెయిళ్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయండి. కమిషన్లు సాక్ష్య నియమాలను మరీ బిగించి చూడకపోయినా, అవతలివారికి అభ్యంతరం చెప్పే సందు ఎందుకు ఇవ్వాలి?

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది కాలపరిమితి. నెలనెలా మెయిల్ పెడుతున్నాను కాబట్టి విషయం సజీవంగా ఉందని మీరు అనుకుంటున్నారు. అది ప్రమాదకరమైన నమ్మకం. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన ఘటన, తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. జవాబు రాని ఉత్తరాలు ఎన్ని రాసినా ఆ గడువు ఒక్క రోజు కూడా పెరగదు. ప్రసారం ఆగిన డిసెంబరు 9 నుంచి లెక్కించాలని మనం వాదించవచ్చు, ధర పెంచిన ఆగస్టు 15 నుంచే లెక్కించాలని కంపెనీ వాదిస్తుంది. ఆ వాదోపవాదానికి అవకాశమే ఇవ్వకుండా 2026 ఆగస్టు 14 మీ ఆఖరి తేదీ అనుకుని నడవండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, దానికి బలమైన కారణం చూపాలి. కంపెనీ జవాబు కోసం ఎదురుచూశాను అన్నది అలాంటి కారణం కాదు.

ఆ కుర్రాడు బిగిస్తానన్న పెట్టెను మాత్రం గడప దాటి లోపలికి రానివ్వకండి. ఏడాదికి 1,500కు అన్ని ఛానళ్లూ చట్టబద్ధంగా ఎవరూ ఇవ్వలేరు. అతను అమ్ముతున్నది దొంగ ప్రసారం. ప్రసార సంస్థల హక్కులను కాపాడే 1957 కాపీరైట్ చట్టం కింద ఇలాంటి వ్యాపారానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. రేపు పోలీసులు అతని ఫోన్ తెరిస్తే డబ్బు పంపినవారి జాబితాలో మీ పేరు కనిపిస్తుంది. మీ కేసుకు జరిగే హాని అంతకంటే దగ్గరలో ఉంది: న్యాయం కోరి వచ్చిన ఫిర్యాది ఇంట్లో దొంగ పెట్టె నడుస్తోందని ప్రతివాది ఒక్క ఫొటో దాఖలు చేస్తే, కమిషన్ మీ వైపు చూసే చూపే మారిపోతుంది. మీ పాత సెట్‌టాప్ బాక్స్‌ను కూడా ఎవరికీ ఇవ్వకండి, విప్పనివ్వకండి. దాని మీది కార్డు సంఖ్యతోనే మీ ఖాతాను గుర్తుపడతారు.

నలభై కుటుంబాల సంతకాల మాట. ట్రాయ్ చట్టం సెక్షన్ 14 ప్రకారం సేవాసంస్థకూ వినియోగదారుల సమూహానికీ మధ్య వివాదం ఢిల్లీలోని టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కు వెళ్తుంది. ఒక్కొక్క వినియోగదారుడి వ్యక్తిగత ఫిర్యాదుకు వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంటుందని ఆ సెక్షనే చెబుతోంది. అందరూ కలిసి ఒకే ఫిర్యాదు వేస్తే, ఇది సమూహ వివాదం, ఇక్కడ విచారణకు రాదు అనే అభ్యంతరాన్ని మీరే కంపెనీ చేతికి అందించినట్లు అవుతుంది. పైగా ఆ నలభై మందిలో ఏడాది ప్యాక్ తీసుకున్నది ఎందరు? నెలనెలా కట్టేవారిని మీ ఫిర్యాదులో చేర్చుకుంటే వారి బలహీనత మీకు అంటుకుంటుంది. ఏడాది ప్యాక్ ఉన్నవారు ఎవరికి వారు విడిగా వేసుకోవచ్చు.

కనెక్షన్ మీ అబ్బాయి పేరు మీద ఉందని భయపడనక్కరలేదు. డబ్బు కట్టినవారి ఆమోదంతో సేవ పొందుతున్న లబ్ధిదారుడు కూడా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) కింద వినియోగదారుడే. ఫిర్యాదులో మొదటి ఫిర్యాదిగా మీ అబ్బాయిని, రెండో ఫిర్యాదిగా మిమ్మల్ని చూపడం మేలు. మీరు తునిలో నివసిస్తున్నారు కాబట్టి అదే చట్టం సెక్షన్ 34 ప్రకారం మీ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, కంపెనీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా ఫరవాలేదు. సేవ కోసం చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా దాఖలు చేయవచ్చు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు.

దానికి ముందు రెండు పనులు. కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు తీసుకోండి, తర్వాత అదే నంబరు పేర్కొంటూ మన రాష్ట్రానికి కంపెనీ నియమించిన నోడల్ అధికారికి రాయండి. ఆయన పేరు, చిరునామా కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. గూగుల్‌లో కనిపించిన ఏదో ఒక నంబరుకు ఫోన్ చేయకండి, అలా మోసపోయినవారు చాలామంది ఉన్నారు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేయవచ్చు. ట్రాయ్‌కు మాత్రం రాసి లాభం లేదు, ఆ సంస్థ వ్యక్తిగత ఫిర్యాదులను విచారించదు. ఈ దశలో కంపెనీ రెండు మూడు వందలు ఖాతాలో వేసి ఫిర్యాదు పరిష్కారమైందని సందేశం పంపవచ్చు. దానికి సరే అని బదులివ్వకండి. పాక్షిక సర్దుబాటుగా మాత్రమే స్వీకరిస్తున్నాను, మిగతా మొత్తంపై నా హక్కు వదులుకోవడం లేదు అని అదే రోజు రాసి పంపండి.

పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి, రసీదు దాచండి. ఆ గడువు నడుస్తుండగానే మీ అబ్బాయి చేత బెంగళూరులో ఒక అఫిడవిట్ చేయించండి: ఏ రోజు, ఏ ఖాతా నుంచి, ఎంత కట్టాడు, పన్నెండు నెలల మాట ఎవరు ఏ రూపంలో చెప్పారు, ఆ ప్రసారం తునిలోని తల్లిదండ్రులు, నాయనమ్మ వాడుకోవడానికి తన ఆమోదం ఉంది. ఆ సందేశం అతని మెయిల్‌లోనో, యాప్‌లోని చెల్లింపుల చరిత్రలోనో ఇంకా ఉండవచ్చు. ముందు అది వెతకమనండి.