సంతకం పెట్టేముందు కుర్చీలు లెక్కపెట్టు

చిన్నీ,

బెంగళూరులో హెబ్బాళ దగ్గర, పద్దెనిమిదో అంతస్తులో, ఫుల్లీ ఫర్నిష్డ్ ఫ్లాట్ తీసుకుంటున్నావట. నెలకు 85 వేలట! మీ అమ్మ ఫోన్లో చెప్పగానే నా గుండె గుభేలుమంది. సాయంత్రానికి పక్కింటావిడకి నేనే గొప్పగా చెప్పుకున్నాను, ఇంకో ఐదు వేలు కలిపి మరీ.

నీకు తెలిసినవి మళ్ళీ చెప్పను. అగ్రిమెంట్ పూర్తిగా చదువు. మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందో లేదో, లాక్-ఇన్, అంటే మధ్యలో ఖాళీ చేయకూడని గడువు, ఎన్ని నెలలో అడుగు. నీళ్ళ సంగతి మాత్రం రెండుసార్లు అడుగు, కావేరి నీళ్ళా, బోరా, ట్యాంకరా అని. 2024 ఎండాకాలంలో అక్కడ ఖరీదైన అపార్టుమెంట్ల వాళ్ళు కూడా ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు.

ఓనర్ అమెరికాలో ఉంటాడన్నావు కదా. అద్దె 50 వేలు దాటితే మామూలుగా 2 శాతం టీడీఎస్, అంటే ఓనర్ తరఫున ప్రభుత్వానికి కట్టే పన్ను, అద్దెలోంచి నువ్వే పట్టుకుంటే సరిపోతుంది. ఎన్నారై అయితే లెక్క వేరు, 30 శాతం పైమాటే. పట్టుకోకపోతే ఆ పన్ను నీ మెడకు చుట్టుకుంటుంది. ఆడిటర్‌ని అడిగాకే మొదటి నెల అద్దె పంపు. ఇది మీ పెదనాన్న రాయమన్న మాట.

ఇక నా మాట. 1998లో ఆయనకి బెంగళూరు ట్రాన్స్‌ఫర్ అయితే, మల్లేశ్వరంలో సామాన్లున్న ఇల్లు తీసుకున్నాం. అద్దె 4 వేలు, అక్కడి అలవాటు ప్రకారం పది నెలల అడ్వాన్స్, 40 వేలు. మేం చేరేసరికి చీకటి పడింది, కరెంటు లేదు. చంకలో మీ అన్నయ్య జ్వరంతో ఏడుస్తున్నాడు. ఓనర్ గారు కొవ్వొత్తి వెలుగులో రెండు పేజీల సామాన్ల లిస్టు చేతిలో పెట్టారు. ఎంత మర్యాదస్తుడంటే, ఫ్లాస్కులో కాఫీ కూడా తెచ్చారు. ఆయన కాఫీ తాగుతూ ఆయన కుర్చీలే లెక్కపెడితే ఏం బాగుంటుందని సంతకం పెట్టేశాను.

తెల్లారి చూస్తే లిస్టులో ఆరు టేకు కుర్చీలు, ఇంట్లో ఐదు. గాజు బల్ల అంచున పగులు, దానిమీద అందంగా అల్లిక గుడ్డ. గీజర్ వేడెక్కదు. ఆ రోజైనా ఒక చీటీ రాసి ఇవ్వాల్సింది. మొహమాటం! పద్నాలుగు నెలలకు ఖాళీ చేస్తుంటే, మళ్ళీ కాఫీ ఇచ్చి, వాటికింద 13,500 కోసుకున్నారు. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె అదనం.

ఆ అడ్వాన్స్ రాగానే 20 వేలు పంపుతానని మీ అమ్మకి మాటిచ్చి ఉన్నాను. అప్పుడు దానికి ఎనిమిదో నెల, కడుపులో నువ్వు. కొత్త ఇంటి అడ్వాన్స్ పోగా నేను పంపగలిగింది 5 వేలు. అది గాజులు తాకట్టు పెట్టింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. ఎత్తి నాలుగు మాటలు అనుంటే నాకు తేలిగ్గా ఉండేది.

నీకూ నా మొహమాటమే వచ్చింది. పోయిన సంక్రాంతికి చిరుగు కనబడుతున్నా ఆ చీర ప్యాక్ చేయించుకున్నావు చూడు, అప్పుడే అనుకున్నాను. అందుకే చెప్తున్నా, పగటిపూట వెళ్ళు. ఫోన్లో వీడియో తీస్తూ ప్రతి కుళాయి తిప్పు, ప్రతి సొరుగు లాగు, ఏసీ, వాషింగ్ మెషీన్ వేసి చూడు, పరుపు ఎత్తి కిందకూడా చూడు. ఆ రోజే ఓనర్‌కి, బ్రోకర్‌కి మెయిల్ చెయ్యి. గంట పట్టినా పట్టనీ, బ్రోకర్ వాచీ చూసుకుంటే చూసుకోనీ. వాడకంతో వచ్చే అరుగుదలకు అడ్వాన్స్‌లో కోయకూడదని, పెయింటింగ్‌కి ఎంతని అగ్రిమెంట్‌లోనే రాయించు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా చట్టంలో ఇళ్ళకు అడ్వాన్స్ రెండు నెలలకు మించకూడదని ఉంది. రాష్ట్రం తీసుకుంటేనే అది చెల్లుతుందనుకో, అయినా ఆ మాట చెప్పి బేరమాడు.

బాల్కనీ రెయిలింగ్ మీద చేతులాన్చి ఫోన్ మాట్లాడకు. నవ్వితే నవ్వావులే.

గృహప్రవేశం లాంటిదేం లేదంటున్నావట, పాలు మాత్రం పొంగించు. వచ్చే నెల ఆవకాయ తీసుకుని మేమిద్దరం వస్తాం. గేటు యాప్‌లో మా పేర్లు ముందే పెట్టు, మీ అన్నయ్య ఇంటి దగ్గర సెక్యూరిటీ వాళ్ళు మీ పెదనాన్నని జాడీతో సహా అరగంట ఎండలో నిలబెట్టారు.

మీ పెద్దమ్మ