పలాస అక్క విషయం: పోలీసు కేసు లేకుండానే రక్షణ అడగొచ్చు

చెల్లీ, బావ కొడుతున్నాడు, కేసంటే ఊళ్లో పరువు పోతుందని అక్క భయపడుతోంది అన్నావు. ఆ టెన్షన్ అర్థమవుతోంది. కానీ 2005 గృహహింస చట్టం కింద రక్షణ కోరడానికి ముందు పోలీసు కేసు పెట్టక్కర్లేదు. ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన రక్షణాధికారి ద్వారా మేజిస్ట్రేట్‌ను అడగొచ్చు. ఇల్లు బావ పేరున ఉన్నా అక్కను ఊరికే గెంటేయడానికి వీల్లేదు. పెద్దమనుషులు సర్దుకుపొమ్మన్నా ఈ హక్కు పోదు, ఇది అక్కకు గట్టిగా చెప్పు.

ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయించు, రాత్రయినా పలుకుతారు. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే శ్రీకాకుళం సఖి కేంద్రంలో వైద్యానికి సాయం, లాయరు సలహా, కొద్దిరోజులు తలదాచుకునే చోటు దొరుకుతాయి. మగవాళ్ల ముందు చెప్పుకోలేకపోతే ఆడ కౌన్సెలరే కావాలని అడగండి, మొహమాటం వద్దు. ఆసుపత్రి చీటీలు, ఆధార్ నకలు నీ దగ్గర దాచు. ఈలోగా మళ్లీ చెయ్యి చేసుకుంటే ఆలోచించకుండా అత్యవసర నంబరు 112కి ఫోన్ కొట్టండి.