ఆమె మైదానం బయట ఉన్నప్పుడు: ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మాయీ,

నీ ఉత్తరం, దానితో పంపిన పన్నెండు పేజీల చిత్తుప్రతి అందాయి. రెండుసార్లు చదివాను. జట్టుకు ఏడుగురే ఆడే రగ్బీ సెవెన్స్‌లో ఒక అంతర్జాతీయ క్రీడాకారిణి జీవితాన్ని పుస్తకంగా రాయాలని పూనుకున్నావు. చాలా సంతోషం కలిగింది. ఆ సంతోషంతోనే కొన్ని మాటలు గట్టిగా చెబుతున్నాను, నొచ్చుకోకు.

మొదటి పేజీ తీసెయ్యి. అందులో పతకాలు, సంవత్సరాలు, ట్రైల (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించి నేలకు ఆనించడం) లెక్కలు తప్ప మరేమీ లేవు. న్యూజిలాండ్‌కు చెందిన పోర్షియా వుడ్‌మన్ ప్రపంచ సిరీస్‌లో 200 ట్రైలు దాటిన తొలి మహిళ అని రాస్తే పాఠకులు ఔరా అనుకుంటారు, పేజీ తిప్పేస్తారు. ఆ అంకె పక్కన మనిషి కనిపించకపోతే అది ఎవరి అంకె అయినా ఒకటే.

ఒక చిన్న లెక్క వేసి చూడు. సెవెన్స్ మ్యాచ్ అంటే 7 నిమిషాల చొప్పున రెండు భాగాలు. ఒలింపిక్స్‌లో చివరిదాకా నిలిచిన జట్టు మూడు రోజుల్లో ఆరు మ్యాచ్‌లు ఆడుతుంది. అంటే మొత్తం 84 నిమిషాలు. మరి ఆ మూడు రోజుల్లో మిగతా సమయమంతా ఆమె ఏం చేసింది? నీ పన్నెండు పేజీలూ ఆ 84 నిమిషాల చుట్టూనే తిరుగుతున్నాయి. వాటిని లోకమంతా చూసింది. ఎవరూ చూడని సమయం ఆమె దగ్గర ఉండిపోయింది. నువ్వు అడిగి తెచ్చుకోవలసింది దాన్నే.

రెండు మ్యాచ్‌ల మధ్య గంటల విరామం ఎలా గడుస్తుందో ఆమెను అడుగు. ఒళ్లు చల్లబడాలి, అలాగని బిగుసుకుపోకూడదు. ఆకలి వేస్తుంది, కడుపు నిండా తినడానికి లేదు. మొదటి మ్యాచ్‌లో భుజానికి తగిలిన దెబ్బ ఆట వేడిలో తెలియదు, రెండో మ్యాచ్‌కు టేపు చుట్టుకుంటుంటే తెలుస్తుంది. గెలిచిన సంబరాన్ని అరగంటలో మడిచి లోపల పెట్టేయాలి, ఎందుకంటే సాయంత్రం ఎదురయ్యే జట్టుకు ఈ ఉదయం గెలుపుతో పని లేదు. ఓటమినీ అంతే. ఒకే రోజులో రెండుసార్లు మనసును సిద్ధం చేసుకోవడం ఈ ఆటలో పెద్ద శ్రమ. దాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు.

వుడ్‌మన్ సంగతే మళ్లీ చెబుతాను. 2016 రియోలో మహిళల సెవెన్స్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఫైనల్‌లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా తలపడ్డాయి. మొదటి భాగం ముగిసే వేళ వుడ్‌మన్‌కు పసుపు కార్డు చూపారు. సెవెన్స్‌లో పసుపు కార్డుకు శిక్ష 2 నిమిషాలు బయట కూర్చోవడం. ఇది పదిహేను మంది ఆడేంత పెద్ద మైదానం. 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల దాకా వెడల్పు ఉంటుంది. దాన్ని ఏడుగురే కాయాలి. అందులో ఒకరు తగ్గితే ఎక్కడో ఒకచోట దారి తెరుచుకుంటుంది. ఆస్ట్రేలియా ఆ దారిని వదల్లేదు. చివరికి 24-17తో స్వర్ణం ఎగరేసుకుపోయింది. ప్రపంచమంతా పరుగు చూసి మెచ్చుకున్న మనిషి, తన జట్టుకు తన కాళ్లు అత్యవసరమైన సమయంలో కుర్చీలో కూర్చుని ఉంది. ఐదేళ్లకు టోక్యోలో ఫ్రాన్స్‌పై 26-12తో, 2024లో పారిస్‌లో కెనడాపై 19-12తో వచ్చిన రెండు స్వర్ణాల గురించి రాయాలన్నా, నేనైతే ఆ కుర్చీ దగ్గరే మొదలుపెడతాను.

ఆమె కథలో బయట ఉండాల్సి రావడం అదొక్కసారే కాదు. 2022లో పదిహేను మంది ఆడే రగ్బీ ప్రపంచకప్ ఫైనల్‌లో ఎదుటి క్రీడాకారిణి పట్టి పడేయబోయిన ట్యాకిల్‌లో తలకు దెబ్బ తగిలి, మ్యాచ్ మొదట్లోనే మైదానం వీడింది. ఆమె లేకుండానే న్యూజిలాండ్ ఇంగ్లండ్‌ను 34-31తో ఓడించింది. జట్టు గెలిచింది, తను లోపల లేదు. ఇలాంటి చోట ‘తీపి, చేదు కలిసిన క్షణం’ వంటి అరిగిపోయిన మాట కలం చివరికి వచ్చేస్తుంది. రానివ్వకు. ఏం జరిగిందో రాసి ఆగిపో.

గాయాల విషయంలోనూ ఇదే మాట. టోక్యోలో న్యూజిలాండ్ కెప్టెన్‌గా ఉన్న సారా హిరిని 2023 డిసెంబరులో దుబాయ్‌లో మోకాలి కీలక స్నాయువు తెగి ఆటకు దూరమైంది. ఎనిమిది నెలలు తిరక్కుండానే పారిస్‌లో ఆడింది, స్వర్ణం గెలిచింది. వార్తల్లో ఇది ఒక్క వాక్యం: గాయం నుంచి కోలుకుని బరిలోకి దిగింది. ఆ ‘కోలుకుని’ అన్న మాట కింద ఎన్ని ఉదయాలు ఉంటాయో ఊహించు. శస్త్రచికిత్స తర్వాత మోకాలు పూర్తిగా వంచడానికే రోజులూ వారాలూ పడతాయి. నీ క్రీడాకారిణికీ భుజం గాయమైందని రాశావు. ఏ చేత్తో తల దువ్వుకుందో, ఎవరి సాయంతో చొక్కా వేసుకుందో అడుగు. చెప్పడం ఇష్టం లేకపోతే వదిలెయ్యి. ఆమె చెప్పని నొప్పిని నువ్వు కల్పించకూడదు.

డబ్బు గురించి రాయడానికి మొహమాటపడ్డావు. ఎందుకు? 2020లో కోవిడ్ వేళ ఇంగ్లండ్ సెవెన్స్ జట్ల ఆటగాళ్లు కాంట్రాక్టులు కోల్పోయారు. ఒలింపిక్స్ వాయిదా పడిన సంవత్సరమది. శిక్షణ ఆపడానికి లేదు, జీతం రాదు. ఈ ఆటలో బతుకుతెరువు ఎంత సన్నని దారం మీద నడుస్తుందో చెప్పకుండా త్యాగం, పట్టుదల అని ఎంత రాసినా అవి గాలిమాటలే.

నియమాలు వివరించక తప్పదు, కాని వాటిని పాఠంలా ఒకచోట కుప్పపోయకు, అవసరమైన చోట చెప్పు. ఉదాహరణకు, సెవెన్స్‌లో పాయింట్లు సాధించిన జట్టే తిరిగి బంతిని తన్ని ఆట మొదలుపెడుతుంది. బంతి గాల్లోకి లేస్తుంది, రెండు జట్ల నుంచీ చేతులు పైకి లేస్తాయి. నెట్‌బాల్ నుంచి వచ్చిన అమ్మాయికి తల పైన బంతిని అందుకోవడం ఎంత పనికొస్తుందో ఇక్కడ చూపించవచ్చు. 2009లో సెవెన్స్‌ను ఒలింపిక్స్‌లో చేర్చాలని నిర్ణయించాక చాలా దేశాలు వేరే ఆటల్లో అమ్మాయిలను వెతికాయి. వుడ్‌మన్ నెట్‌బాల్ ఆడేది, ఆస్ట్రేలియా క్రీడాకారిణి షార్లెట్ కాస్లిక్ పట్టి పడేయకుండా చేత్తో తాకితే చాలనే రగ్బీ లాంటి ఆట టచ్ ఫుట్‌బాల్ నుంచి వచ్చింది. నీ క్రీడాకారిణి హాకీ నుంచి వచ్చిందన్నావు. కర్ర వదిలిన చేతులు బంతికి ఎలా అలవాటుపడ్డాయి? అందులోనే ఒక అధ్యాయం ఉంది.

భాష గురించి ఒక్క మాట. సివంగి, ఆడపులి, చిరుతలా దూసుకెళ్లింది, ప్రత్యర్థిని మట్టి కరిపించింది – ఇవన్నీ కొట్టేశాను. అబ్బాయిలకు దీటుగా ఆడింది అన్న వాక్యాన్ని మరీ గట్టిగా కొట్టేశాను. ఆమె ఆడింది అమ్మాయిలతో, ప్రపంచంలోని మేటి అమ్మాయిలతో. కొలబద్దగా వాళ్లు చాలు.

ఓడినవాళ్లనూ చూడు. పారిస్ కాంస్య పోరులో ఆఖరి క్షణాల వరకూ ఆస్ట్రేలియా 12-7తో ముందుంది. అమెరికాకు చెందిన అలెక్స్ సెడ్రిక్ తన గీత దగ్గర బంతి అందుకుని ట్యాకిల్స్ తప్పించుకుని దాదాపు మైదానమంతా పరుగెత్తింది. ట్రై చేసి, ఆ తర్వాతి అదనపు కిక్ అయిన కన్వర్షన్ కూడా తనే తన్ని 14-12తో గెలిపించింది. అందరూ ఆ పరుగు గురించే రాశారు. ఆమె జెర్సీ అంచు వేళ్లకు తగిలీ తగలకుండా జారిపోయినవాళ్ల గురించి రాసినవాళ్లు తక్కువ. నీ క్రీడాకారిణి కూడా ఏదో ఒక మ్యాచ్‌లో అలా జారవిడిచే ఉంటుంది. అడుగు.

చివరగా నీ తొమ్మిదో పేజీ. అక్కడ ఆమె రిజర్వుగా జట్టుతో వెళ్లింది. ఎవరికైనా గాయమైతే తప్ప ఆడే అవకాశం లేదు. ఆట మొదలయ్యే ముందు సహచరి చెవిపోగులు తీసి ఆమె చేతిలో పెట్టి లోపలికి పరుగెత్తింది. నువ్వు అక్కడ ఒక్క వాక్యం రాసి ఫైనల్ ఫలితానికి వెళ్లిపోయావు. వెనక్కి వెళ్లు. మ్యాచ్ అయ్యేదాకా ఆ చెవిపోగులు ఆమె గుప్పిట్లోనే ఉన్నాయా, జేబులో వేసుకుందా? తిరిగి ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి ముఖం వైపు చూసిందా? కనుక్కుని ఆ పేజీ మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో