జెండా మీద రాట్నం ఏమైంది?

ప్రశ్న: పాత పెట్టెలో మా మామగారు దాచిన జెండా దొరికింది. మూడు రంగులున్నాయి కానీ మధ్యలో చక్రం లేదు, రాట్నం ఉంది. రాట్నం ఎందుకు తీసేశారు? కాషాయం హిందువులది, ఆకుపచ్చ ముస్లింలది అంటున్నాడు ఒడియా బడిలో చదివే మా మనవడు. నిజమేనా మాస్టారూ?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: రాట్నానికి కుడీ ఎడమా ఉంటాయి కదమ్మా. జెండాని అటు తిరిగి చూస్తే బొమ్మ తారుమారవుతుంది. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ ఈ చిక్కే చెప్పారు. జెండా రెండు వైపులా ఒకేలా కనపడాలి. అందుకే రాట్నంలోని చక్రాన్ని మాత్రం ఉంచి, దానికి సారనాథ్ అశోక స్తంభం మీది చక్రం రూపమిచ్చారు. ఆకులు 24. బరంపురంలో సోషల్ చెప్పే రోజుల్లో ఈ చక్రం గీయమంటే పిల్లలు 20 దగ్గరే ఆగిపోయేవారు. ప్రొట్రాక్టర్ పెట్టి 15 డిగ్రీలకో గీత గీయమంటే సరిగ్గా కుదిరేది.

ఇక రంగులు. మనవణ్ణి కోప్పడకండి, వాడి మాటకీ ఒక మూలం ఉంది. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి ఇచ్చిన జెండాలో రెండే రంగులు: హిందువులకి ఎరుపు, ముస్లింలకి ఆకుపచ్చ. మిగతా మతాల వారి కోసం గాంధీగారు తెలుపు చేర్పించారు. రాట్నం సలహా జలంధర్ లాలా హంసరాజ్‌ది. ఇలా మతానికో రంగు పంచితే ఊరుకుంటారా? మా రంగేదని సిక్కులు అడిగారు. చివరికి 1931లో కాంగ్రెస్ ఎరుపు బదులు కాషాయం పెట్టి, రంగులకి మతాలతో సంబంధం లేదని తేల్చేసింది. ధైర్యం, త్యాగం కాషాయానివి. సత్యం, శాంతి తెలుపువి. 1947లో రాధాకృష్ణన్‌గారైతే ఆకుపచ్చంటే మన నేలతో, పచ్చని చెట్టూ చేమతో మనకున్న బంధం అన్నారు. నాకు నచ్చింది ఆ మాటే.

మీ జెండాలో పైన తెలుపు, అడుగున ఎరుపు ఉంటే అది 1931కి ముందు నమూనా. పైన కాషాయం ఉంటే ఆ తర్వాతది.

సెలవుల్లో మనవణ్ణి మా గంజాం జిల్లా జౌగడకి తీసుకెళ్లండి. ఋషికుల్య ఒడ్డున అశోకుడి శాసనాలున్న బండ ఉంది. కళింగ యుద్ధం గురించి పశ్చాత్తాపపడ్డ 13వ శాసనాన్ని మాత్రం అక్కడ చెక్కించలేదు. దాని బదులు, ప్రజలంతా నా బిడ్డలేనని అధికారులకి చెప్పే వేరే శాసనాలు పెట్టించాడు. ఓడిపోయిన వాళ్ల ఊళ్లో ఆ యుద్ధం ఊసెందుకనుకున్నాడేమో!