చెస్టర్‌ఫీల్డ్ చర్చి శిఖరం ఎందుకు మెలితిరిగింది?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్న మా అబ్బాయి చెస్టర్‌ఫీల్డ్ చర్చి ఫోటో పంపాడు. శిఖరం తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉంది. అలాగే కట్టారా, తర్వాత వంగిందా? పచ్చి కలపే కారణమంటారు, నిజమేనా?

జవాబు: కావాలని కట్టింది కాదు. డెర్బీషైర్‌లోని ఆ సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్ చర్చి చాలావరకు 14వ శతాబ్దానిది. శిఖరం 1362 ప్రాంతంలో లేచింది. నేల నుంచి కొనదాకా 228 అడుగులు. మెలిక 45 డిగ్రీలు. కొన ఉండాల్సిన చోటు నుంచి 9 అడుగుల 6 అంగుళాలు పక్కకు జరిగింది.

పచ్చి కలప మాట సగమే నిజం. శిఖరం చట్రానికి వాడిన ఓక్ అనే గట్టి కలపను అప్పట్లో పచ్చిగా ఉండగానే చెక్కేవారు, ఆరితే ఉలికి లొంగదు మరి. అలా చేసిన పైకప్పులు ఎన్నో నేటికీ చెక్కుచెదరలేదు. ఆరేటప్పుడు ఓక్ పొడవు దాదాపు తగ్గదు, అడ్డకొలతే తగ్గుతుంది. అదీ సమానంగా కాదు: మానులోని వయసు వలయాల వెంట తగ్గేది, నడిబొడ్డు నుంచి బెరడు వైపు తగ్గేదానికి సుమారు రెట్టింపు. అందుకే దూలం తిరగబోతుంది, అతుకులు వదులవుతాయి. ఆ తిరుగుడును ఆపేవి ఏటవాలుగా బిగించే ఆనుకర్రలు. ఇక్కడ చాలనివి అవే. 1348-49 ప్లేగులో నేర్పరి వడ్రంగులు చనిపోవడం వల్లే ఈ లోపం జరిగిందంటారు. దాన్ని ఊహగానే తీసుకోండి.

వదులైన ఆ చట్రం మీద సుమారు 33 టన్నుల సీసం రేకులు. 3 మీటర్ల సీసం రేకు 40 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. ఎండ తగిలేది దక్షిణం వైపు, ఉత్తరం వైపు చల్లగా ఉంటుంది. ఏటేటా ఒకవైపే ఎక్కువ కదలిక. రేకుల్ని ఏటవాలు వరసల్లో పరవడంతో మెలిక కంటికి ఇంకాస్త ఎక్కువగా కనిపిస్తుంది కూడా. అన్నట్టు, శిఖరాన్ని కింది టవర్‌కు బిగించలేదు, సొంత బరువుతోనే కూర్చుంది.

ప్రశ్న: ఈ చర్చి ఇప్పుడు ఆంగ్లికన్, అంటే రోమ్ నుంచి విడిపోయిన ఇంగ్లండ్ చర్చికి చెందినది కదా. 14వ శతాబ్దంలో ఆంగ్లికన్ చర్చి ఎక్కడిది?

జవాబు: నిజమే, అప్పట్లో ఆంగ్లికన్ చర్చి లేదు. ఈ చర్చి అప్పుడు రోమ్ పోప్ కిందిదే. 1534లో రాజు ఎనిమిదో హెన్రీ చట్టంతో ఇంగ్లండ్ చర్చి విడిపోయింది. కట్టడాలు, పారిష్‌లు (ఒక్కో చర్చి కిందికి వచ్చే ప్రాంతాలు) అవే, అధికారం మారింది. లోపలి మార్పులు ఎక్కువగా ఆయన కొడుకు ఆరో ఎడ్వర్డ్ కాలంలో వచ్చాయి: రాతి బలిపీఠాలు తీసి చెక్క బల్లలు పెట్టారు, గోడల మీది చిత్రాలకు సున్నం కొట్టారు. ఆ సున్నం కిందే దాగి కొన్ని చిత్రాలు బతికాయి. ఇంగ్లండ్ పల్లె చర్చిల్లో అవి ఇప్పటికీ బయటపడుతుంటాయి.